సింహాన్ని విప్పి లిల్లీలు

రాబ్ పట్టణం,
1358, ఈస్టర్ ముందు ఉపవాసాల మూడో వారం

దెసాచ అక్కకి, నీ చెల్లెలు స్తానా రాసేది.

అక్కా, నీ సింహాన్ని దించేశారు. ఎవరి నోటనో నువ్వు వినేలోపు నేనే చెప్పాలని కూర్చున్నాను. వెనీస్ వాళ్ళు మీ జాదర్‌లోనే సంతకం పెట్టి ఈ తీరమంతా హంగేరీ రాజుకి వదిలేశారన్న సంగతి నీకు నేను చెప్పేదేముంది. మాకు ఆ కబురు పది రోజులు ఆలస్యంగా ఉప్పుచేపల పడవలో వచ్చింది. వచ్చిన మర్నాడే రేవు స్తంభం మీద వెనీస్ జెండా దించారు. పదేళ్ళ కిందట నువ్వు కుట్టిన సింహం పైకి లేచినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళే ఇప్పుడూ కొట్టారు. ఏ ఎండకు ఆ గొడుగు పడతారు మనవాళ్ళు. మావ్రా పిన్ని ఒక్కతే రేవులో నిలబడి, "ఒరేయ్, ఆ కళ్ళు మా దెసాచ కుట్టింది, నేలకి ఈడ్చారంటే మీ చేతులు పడిపోతాయి" అని తిట్టింది. దాంతో మడతపెట్టి దించారు.

ఇక రెండో మాట. కోప్పడకుండా చదువు. కొత్త జెండా కుట్టమని మండలి పెద్దలు నన్ను పిలిచారు. జూలై ఆఖరున సెయింట్ క్రిస్టఫర్ పండగ నాటికి కావాలట. ఆ రోజు రాజుగారి దూత వచ్చి జెండా చూసి, మన ఊరి విధేయతా ప్రమాణం తీసుకుంటాడు. జరీ ఎప్పుడూ వెనీస్ నుంచే కదా వచ్చేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. అందుకని పాత సింహాన్ని విప్పి, ఆ జరీతోనే కొత్తది కుట్టమన్నారు. నేను కాదనలేకపోయాను.

తోక దగ్గర మొదలుపెట్టాను. లాగితే జరీ ముక్కలు ముక్కలుగా తెగుతోంది. సముద్రపు గాలికి ఆగాలని నువ్వు వెనకవైపు చేప జిగురుతో గుడ్డ అతికించావు చూడు, అది రాయిలా బిగిసి ఉంది. వెనకనుంచి అందుకుందామంటే సూది దిగడం లేదు. దాన్ని ఎలా వదిలించాలో నీకు తప్ప ఎవరికీ తెలియదు.

మూడోది. మండలికి వచ్చిన కాగితంలో ఎరుపు తెలుపు పట్టీలు, వాటి పక్కన నీలం మీద ఏడు బంగారు లిల్లీలు అని మాత్రం రాసుంది. రాజుగారి మైనం ముద్ర ఉందిగానీ దారిలో నలిగి ముద్దయిపోయింది. ఇక్కడ ఒక్కరూ ఆ రాజు జెండా చూసినవాళ్ళు లేరు. నువ్వు జాదర్‌లో ఉన్నావు, షిమూన్ బావ కంసాలి, ముద్రలూ పతకాలూ ఆయన చేతుల మీదే తిరుగుతాయి. రాజుగారి లిల్లీ ఎలా ఉంటుందో కాస్త చెప్పక్కా.

ఎండు అంజూరాలు పంపుతున్నాను. బావకి కూడా పెట్టు, అన్నీ నువ్వే తినెయ్యకు.

స్తానా


జాదర్,
అదే ఏడు మార్చి, ఇరవయ్యో తేదీ

స్తానాకి,

నీ ఉత్తరం అందింది. అంజూరాలు అందాయి, సగానికి పురుగు పట్టింది.

కన్నబిడ్డ తోలు ఒలవాలి, కత్తి ఎలా నూరమంటావు అని తల్లినే అడిగేవాళ్ళుంటారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆ సింహానికి నాకు పదకొండు నెలలు పట్టింది. జూలులో నాలుగు వందల పోగులున్నాయి. ఒక్క పోగు కూడా విప్పి రెండోసారి కుట్టలేదు. నువ్వప్పుడు పక్కన కూర్చుని నాకు దారాలకి మైనం పట్టించి ఇచ్చేదానివి, గుర్తుందనుకుంటాను.

నా సంగతి నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. ఇక్కడ నా పేరు దెసాచ కాదు, సింహాలమ్మ. ఈ తీరంలో వెనీస్ జెండాలు సగం నా చేతి మీదుగా పోయినవే కదా. మొన్న చేపల బజారులో ఒకావిడ, "సింహాలమ్మా, నీ పిల్లులన్నీ ఎటు పోయాయే" అంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేను చేప కొనకుండా వచ్చేశాను. జాదర్ కొత్త జెండా పని మఠం సన్యాసినులకి ఇచ్చారు. వాళ్ళకి తిన్నగా ఒక అంచు మడిచి కుట్టడం రాదు. శీతాకాలం నుంచి నా కుట్టు చట్రం ఖాళీగా ఉంది. నీ చట్రం నిండిందన్నమాట, సంతోషం.

విప్పే సంగతి: పైనుంచే తెంపు. తెగితే తెగుతుంది.

లిల్లీ సంగతి: లిల్లీ ఎలా ఉంటుందో నీకు తెలియదా? మన రాబ్ మఠం వెనక తోటలో మేరీమాత విగ్రహం చుట్టూ ప్రతి ఏడూ విరగబూస్తుందే, అదే. రాజుదైనా తోటమాలిదైనా లిల్లీ లిల్లీయే.

దెసాచ


రాబ్,
మే నెల, ఇరవై ఎనిమిది

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినబుద్ధి కాలేదు. పిన్ని నా మొహం చూసి, "పెద్దదాని నోరు సంగతి తెలిసిందేగా, దానికి పని లేక ఏడుస్తోంది, పట్టించుకోకు" అంది. పట్టించుకోవడం మానేశాను. నీ పని పోయినందుకు మాత్రం నిజంగా బాధపడ్డాను.

సింహం పూర్తిగా విడిపోయింది. సగం జరీ తెగి పనికిరాకుండా పోయినా, మిగిలింది ఏడు పూలకి సరిపోతుంది. ఒక మాట చెప్పనా? కుడి పంజా కింద నీ మొదటి గీత కనిపించింది. అక్కడ అయిదు గోళ్ళు గీసి ఉన్నాయి, పైన కుట్టినవి నాలుగు. సూది రంధ్రాలు కూడా ఉన్నాయి, అంటే అయిదోది కుట్టి విప్పావు. "ఒక్క పోగు కూడా విప్పలేదు" అని ఎన్నిసార్లు చెప్పావు నాకు! ఎవరికీ చెప్పనులే, భయపడకు.

ఊళ్ళో నా పరిస్థితి చూస్తే నవ్వుకుంటావు. ఆదివారం నాడు చర్చిలో ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. మండలి పెద్ద భార్య ముందుగా తనే పలకరిస్తోంది. నువ్వు సింహం కుట్టినప్పుడు నీకు ముందు వరస దక్కిందా? ఊరికే అడుగుతున్నాను. పదేళ్ళు రేవులో నీ సింహం కింద నుంచి నడిచాను అక్కా. కొత్తవాళ్ళెవరైనా వస్తే, "ఆ జెండా కుట్టినామె చెల్లెలు" అని నన్ను చూపించేవాళ్ళు. నాకొక పేరుందని ఈ వసంతంలోనే ఊరికి తెలిసింది. ఈ మాట నీతో అనకూడదేమో, కానీ ఎన్నాళ్ళు దిగమింగుకోను.

పూల సంగతి. తోటలో ఈ వారమే విచ్చుకున్నాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి వాటి ముందు కూర్చుంటున్నాను. రేకులు ఆరు, మూడు ముందు, మూడు వెనక. కాడ, ఆకులు, లోపల పసుపు పొడి, అన్నీ గీసుకున్నాను. మండలిలో ఒక ముసలి వర్తకుడు లిల్లీ అచ్చు ఉన్న ఫ్లోరెన్స్ నాణెం తెచ్చి, "ఇదిగో అమ్మాయ్, రాజుల లిల్లీ ఇలాంటిదేమో, తోటలో పువ్వులా ఉండదేమో" అన్నాడు. అది వర్తకుల ఊరి పువ్వండీ, మా అక్క జాదర్‌లో ఉంది, మా బావ కంసాలి, వాళ్ళకి తెలియకుండా ఉంటుందా అన్నాను. ఆయన నాణెం మొలలో దోపుకుని కూర్చున్నాడు.

పట్టీలు ఎన్నో, ఏ రంగు ముందు వస్తుందో నువ్వు చెప్పలేదు. అది ఒక్కటి చెప్పు.

స్తానా


జాదర్,
జూన్, పది

స్తానా,

ఇది పంపే ఉత్తరం కాదు. షిమూన్ కొలిమి దగ్గర ఉన్నాడు, ఇంట్లో ఎవరూ లేరు, ఎవరితోనూ అనలేను, అందుకని కాగితంతో అంటున్నాను.

రాజుగారి లిల్లీ తోటలో పూసేది కాదు. దానికి కాడ లేదు, ఆకు లేదు. రేకులు మూడే, నడుము దగ్గర ఒక పట్టీతో బిగించి ఉంటాయి. బల్లెం మొనలా ఉంటుంది. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే నేను దాన్ని చూశాను. ముద్రని చూసి సీసంలో అచ్చు తియ్యమని షిమూన్‌కి పని వచ్చింది. ఆ అచ్చు ఇప్పుడు కూడా కిటికీ అరుగు మీద ఉంది, రాస్తుంటే కనిపిస్తోంది. అంతా తెలిసే నీకు తోటలో పువ్వు చెప్పాను. రాస్తున్నప్పుడు ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

నాకు కుళ్ళు స్తానా. నువ్వు ముందు వరసలో కూర్చున్నావని చదవగానే నా కళ్ళల్లో ఎవరో నిప్పులు పోసినట్టయింది. దక్కలేదు నాకా వరస. నువ్వు ఊరికే అడగలేదని నాకు తెలుసు. ఆ అయిదో గోరు సంగతి చదివి ఉత్తరం నలిపి పారేశాను, మళ్ళీ తీసి చదువుకున్నాను.

ఇది ఈ వసంతంలో పుట్టింది కాదు. మనకి కుట్టూ రాతా నేర్పిన సిస్టర్ అనస్తాసియా గుర్తుందా? నా కుట్టు చూసి రోజూ మెచ్చుకునేది. నీది తీసుకుని వెనక్కి తిప్పి చూసి, ఏమీ అనకుండా ఇచ్చేసేది. నేనెంత పొంగిపోయేదాన్నో. వంక పెట్టడానికేమీ లేకే ఆవిడ అలా ఇచ్చేసేదని నాకు ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది. పెద్దదాన్ని కాబట్టి పెద్ద పని నాకొచ్చింది, చిన్నదానివి కాబట్టి నువ్వు దారాలకి మైనం పట్టించావు. అంతే తేడా అని నా లోపల ఎవరో ఎప్పుడూ అంటూనే ఉన్నారు.

ఇప్పుడైనా నిజం రాస్తే సరిపోతుంది. నీకింకా టైముంది. రాయడానికే కూర్చున్నాను. రాసేది మాత్రం వేరే ఉత్తరం.


జాదర్,
జూన్, పది

బంగారు చెల్లీ,

నువ్వు ముందు వరసలో కూర్చుంటున్నావని చదివి నేనూ షిమూన్ ఎంత మురిసిపోయామో చెప్పలేను. మన ఇంటి పేరు నిలబెడుతున్నావు. మొదటి ఉత్తరంలో నోరు జారాను, అక్క అన్నాక ఒక మాట అంటుంది, మనసులో పెట్టుకోకు.

పట్టీలు ఎనిమిది. పై నుంచి మొదటిది ఎరుపు, తర్వాత తెలుపు, అలాగే కిందిదాకా. లెక్క తప్పకు. ఎర్రపట్టు ఈ పడవలోనే పంపుతున్నాను, నా దగ్గర ఖాళీగా పడి ఉంది.

పువ్వులు నువ్వు గీసినట్టే బాగుంటాయి. ఆకులు మరిచిపోకు, నిండుగా ఉంటుంది.

పిన్నికి నా ముద్దులు.

దెసాచ


రాబ్,
జూలై, ఎనిమిది

అక్కా,

అయిపోయింది. ఏడు లిల్లీలు, ఎనిమిది పట్టీలు. నీ ఎర్రపట్టు అంత బాగుంటుందనుకోలేదు, ఎండలో పెడితే మెరుస్తోంది. వెనక నీలాగే చేప జిగురుతో గుడ్డ అతికించాను. ఆ వాసనకి పిన్ని మూడు రోజులు మేకల దగ్గరే అన్నం తింది.

మండలివాళ్ళు నిన్న వచ్చి చూశారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ నాణెం ముసలాయన మాత్రం చాలాసేపు చూసి తల గీరుకున్నాడు. తీరంలో ఒక ఊరివాళ్ళు రాజుగారి గుర్తు తప్పుగా కుట్టి ఎగరేశారట, దూత అది ఎగతాళి అనుకుని ఊరిపెద్దల్ని నెల రోజులు కోటలో బంధించి కూర్చోబెట్టాడట. అది విని మండలి పెద్ద అందరి ముందూ నాతో అన్నాడు: "చూడమ్మా స్తానా, దీంట్లో తప్పుంటే మాకు తెలియదు మరి. కుట్టిన చెయ్యే జవాబు చెప్పుకోవాలి." నేను తొణకలేదు. "తప్పుండదండీ, మా అక్క కళ్ళతో చూసి చెప్పింది, నేను చేతుల్తో కుట్టాను" అన్నాను. ఆ మాట అనగానే నాకే ఏదోలా అయింది. ఇన్నేళ్ళలో మనిద్దరి పేర్లూ ఒకే వాక్యంలో చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను.

రేకు ఎలా కుట్టానో నువ్వు చూడాలని అదే జరీతో ఒక్క రేకు చిన్న పట్టుముక్క మీద కుట్టి పంపుతున్నాను. చివర వంపు తిరిగే చోట పోగుల్ని దగ్గరగా పరిచాను, నువ్వయితే దూరంగా పరుస్తావు. బాగుందో లేదో చెప్పు. నువ్వు చెబితేనే నమ్ముతాను.

పండగకి పంతొమ్మిది రోజులుంది. ఆ రోజుకి బావతో కలిసి రాకూడదూ?

స్తానా


జాదర్,
జూలై, ఇరవై ఒకటి

స్తానా,

ఇది తెచ్చిన మనిషి షిమూన్. వేరే ఎవరి చేతికీ ఇవ్వడానికి నమ్మకం లేక ఆయన్నే పంపాను. ఆయన సంచిలో సీసపు అచ్చు ఉంటుంది. ముందు అది చూడు, తర్వాత ఇది చదువు.

చూశావు కదా. అదీ రాజుగారి లిల్లీ. నేను దాన్ని మార్చిలోనే చూశాను. నీకు అబద్ధం రాశాను. జూన్‌లో మళ్ళీ రాశాను. ఆకులు మరిచిపోకని కూడా రాశాను. నీమీద నాకు ఓర్వలేనితనం, ఇంకే కారణమూ లేదు. నా సింహాన్ని విప్పిన చేతులు నవ్వులపాలు కావాలని కోరుకున్నాను. కోటలో కూర్చోబెడతారని మాత్రం నాకు తెలియదు. తెలిస్తే మానేసేదాన్నా? మానేసేదాన్ననే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ఆ రేకుని రోజూ బయటికి తీసి చూస్తున్నాను. మొదటిరోజు తప్పు వెతికాను. రెండోరోజు కూడా వెతికాను. నిన్న దాన్ని వెనక్కి తిప్పి చూసి ఏమీ అనలేకపోయాను. అది నా సింహం కన్నా బాగుంది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు వారం పట్టింది. ఆ వారం వృథా అయినందుకు నన్ను ఎంత తిట్టుకున్నా సరిపోదు. అంత మంచి కుట్టుని చూసి ఎవడో దూత నవ్వడం నేను భరించలేను. నిన్ను కాపాడడానికి రాస్తున్నానని అనుకోకు, నాకంత మంచితనం లేదు. ఆ కుట్టు కోసం రాస్తున్నాను.

ఇప్పుడు పని విను. మళ్ళీ కుట్టడానికి టైము లేదు, అవసరమూ లేదు. నీ పువ్వులో వెనక ఉన్న మూడు రేకులూ విప్పెయ్యి. కాడ, ఆకులు విప్పెయ్యి. ముందు మూడు రేకులు అలాగే ఉంచి, పక్క రెండింటి కొనలు కాస్త బయటికి వంచు, నడుము దగ్గర విప్పిన జరీతోనే అడ్డంగా ఒక పట్టీ కుట్టు. పట్టీ కింద మూడు చిన్న తోకలు. అచ్చు పక్కన పెట్టుకుని చూసుకో, సరిగ్గా అదే వస్తుంది.

జిగురు వదిలే రహస్యం మార్చిలో అడిగావు, చెప్పలేదు. వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి, వేలు పెడితే కాలీకాలనంత వేడి చేసి, గుడ్డ ముంచి వెనకవైపు పరుచు. నూరు లెక్కపెట్టేలోపు మెత్తబడుతుంది. అప్పుడు వెనక జరీని పట్టి ఉంచే పట్టుదారాన్ని మాత్రం తెంపు, జరీని తాకకు. దానంతట అదే లేచి వస్తుంది, ఒక్క ముక్క కూడా తెగదు. సింహం జరీ సగం పాడయిందన్నావు, అది పాడుచేసింది కూడా నేనే.

దెసాచ


రాబ్,
జూలై, ముప్పై

అక్కా,

బావ గురువారం పొద్దున దిగాడు. పండగకి మూడు రోజుల ముందు. గాలి ఎదురుకొట్టి పడవ రెండు రోజులు ఆగిపోయిందట. అచ్చు చూశాను. నీ ఉత్తరం చదివాను. చదివి జెండా పక్కన నేలమీద కూర్చుండిపోయాను. పిన్ని కూడా నా చేత చదివించుకుంది. విని, బావ ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా నిన్ను తిట్టిన తిట్లు నేను రాయను. బావ తలొంచుకుని కూర్చున్నాడు పాపం. "నాకు చెప్పలేదమ్మా స్తానా, అచ్చు ఎక్కడుందో అని నెల నుంచి వెతుకుతున్నాను, అది కిటికీ అరుగు మీదనుంచి ఎప్పుడు మాయమైందో తెలియదు" అన్నాడు.

తిట్టడానికి టైము లేక వెనిగర్ వేడిచేశాను. నువ్వు చెప్పినట్టే నూరు లెక్కపెట్టేలోపు గుడ్డ ఊడొచ్చింది. వెనక దారం తెంపుతుంటే జరీ దానంతట అదే లేచి నా వేలికి చుట్టుకుంది, ఒక్కటీ తెగలేదు. ఇంత తేలిక పని నా దగ్గర దాచావా అని ఏడ్చాను. బావ ఆకులు విప్పాడు, కంసాలి చేతులు కదా, నాకన్నా నిదానం. పిన్ని వెనిగర్ కాచింది. శనివారం సాయంకాలానికి ఏడో పువ్వు నడుముకి పట్టీ బిగించాను. ఆకులున్నచోట నీలం పట్టు మీద సూది రంధ్రాలు మిగిలాయి, దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుస్తాయి.

పండగ రోజు దూత జెండా దగ్గరికి వెళ్ళి చూశాడు. నాణెం ముసలాయన కూడా ఆయన వెనకే వచ్చి, నా వైపు తిరిగి కన్ను గీటాడు. దూత పువ్వులు లెక్కపెట్టాడు, పట్టీలు లెక్కపెట్టాడు, ఈ తీరంలో ఇంత చక్కని లిల్లీ చూడలేదన్నాడు. ఎవరి చెయ్యి అని అడిగాడు. నాదే అన్నాను. ఎవరు నేర్పారని అడిగాడు. నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మఠంలో నేర్చుకున్నానండీ అన్నాను. నువ్వు చేసినదానికి బదులని అనుకోకు. నీ ఉత్తరం రాకపోయినా అలాగే అనేదాన్ని.

జెండా ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. పైకి చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. పట్టుమని పది నిమిషాలు కూడా సంతోషంగా లేను, ఎందుకో ఇప్పుడు చెబుతాను. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాయాలి. రాయకపోతే ఈ పోటీలో అబద్ధాల్లో కూడా నిన్ను మించినదాన్నవుతాను.

మార్చిలో జరీకి దారి మూసుకుపోయిందని రాశాను. మూసుకుపోలేదు. అంకోనా వర్తకుడొకడు కొత్త జరీ తెచ్చిస్తానన్నాడు, మండలివాళ్ళు సరేనన్నారు. నీ సింహాన్ని ఏం చేద్దామంటే, అంత మంచి పని పారేయకూడదు, మడతపెట్టి చర్చిలో పాత వస్త్రాల పెట్టెలో దాచిపెడదాం అని ఫాదర్ అన్నాడు. అందరూ తలూపారు. నేను అక్కడే ఉన్నాను. స్తంభం దిగినా నువ్వు ఊళ్ళోనే ఉంటావు, పండగ పండగకీ పెట్టె తెరిచి చూపిస్తారు, నా లిల్లీ పక్కన నీ సింహాన్ని పెట్టి చూస్తారు. నా కడుపు మండిపోయింది.

సింహాన్ని విప్పమని నాతో ఎవరూ అనలేదక్కా. ఆ జరీ బాగుంది, విప్పి వాడదామని నేనే అడిగాను.

స్తానా


జాదర్,
ఆగస్టు, పదిహేను

స్తానా,

నీ ఉత్తరం షిమూన్‌కి చదివి వినిపించలేదు. నా ఒక్కదానికే ఉంచుకున్నాను.

దూతకి నా పేరు చెప్పనందుకు కోపం లేదు. నేనైనా నీ పేరు చెప్పేదాన్ని కాదు. సింహాన్ని అడిగి మరీ విప్పినందుకు మాత్రం ఉంది, అది పోదు, పోయిందని నీకు అబద్ధం రాయను. నీకు కూడా నామీద పోకూడదు. పోయిందని రాశావంటే నమ్మను.

ఇక్కడ సన్యాసినుల జెండా ఎర్ర పట్టీలు మొదటి వానకే రంగు కారి, తెలుపంతా గులాబీ రంగయింది. జనం ఇప్పుడు వాళ్ళని చూసి నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు.

నేను పుట్టాక ఈ ఊరి స్తంభం మీద జెండా మూడుసార్లు మారింది. ఈ రాజూ శాశ్వతం కాదు. నీ లిల్లీలు కూడా ఒకరోజు దిగుతాయి. అప్పుడు వాటిని విప్పడానికి ఎవరినైనా పిలుస్తారు. వాళ్ళు పైనుంచి లాగి ముక్కలు చేస్తారు. ఆ రోజు నేను బతికుంటే నాకు కబురు చెయ్యి. వెనిగర్ నేనే కాస్తాను. నీ కుట్టు విప్పే చెయ్యి నాది తప్ప ఇంకొకరిది కాకూడదు.

దెసాచ